ర్యాప్ అంటే ముఖం చిట్లించకండి

ఎడిటర్ గారికి,

ఇంగ్లీష్ క్లాసులో ర్యాప్ (తాళానికి తగ్గట్టు గబగబా మాటలు చెప్పే పాట) ఏమిటి, పిల్లల్ని చెడగొట్టడానికా అని మా స్టాఫ్ రూంలోనే నన్ను ఆటపట్టించారు. 1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో మొదలైన హిప్‌హాప్‌కి (ర్యాప్ అందులో భాగమే) చెందిన ర్యాపర్ కెండ్రిక్ లమార్‌కి 2018లో సంగీతంలో అమెరికాలో పేరున్న పులిట్జర్ బహుమతి ఇచ్చారు, అదేదో పనికిమాలిన గోల అనడం ఇక కుదరదు. నాకు మాత్రం అసలు ఉపయోగం ఉచ్చారణ దగ్గర కనబడింది. 'ఫొటోగ్రాఫ్'లో ఊనిక (నొక్కి పలకడం) మొదటి అక్షరం మీద, 'ఫొటోగ్రఫీ'లో రెండోదాని మీద పడుతుందని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఎక్కలేదు. ఫోన్‌లో బీట్ పెట్టి, ఆ ఊనిక సరిగ్గా దెబ్బ మీద పడేలా చెప్పమంటే పది నిమిషాల్లో పట్టేశారు. వెనక బెంచీలో ఎప్పుడూ తల వంచుకుని కూర్చునే అమ్మాయి తన నాలుగు లైన్లు రికార్డు చేసుకుని, విని, నచ్చక చెరిపేసి, మళ్లీ చెప్పి... ఏడోసారికి గానీ నాకు వినిపించలేదు. ఏడుసార్లు! హోంవర్క్ ఒక్కసారి రాయడానికే ఏడ్చే పిల్ల. పాటల్లో బూతులుంటాయి, నిజమే, టీచర్ ముందే విని ఏరుకోవాలి. ఫోన్లు కూడా గ్రూపుకి ఒకటి చాలు, అందరికీ ఇస్తే రీల్స్‌లోకి వెళ్లిపోతారు. అయినా మాట్లాడటానికి మార్కులు లేనంత కాలం ఇదంతా సిలబస్ అయిపోయాక చేసే సరదాగానే ఉండిపోతుంది, పరీక్షలు పెట్టేవాళ్లు ముందు ఆ సంగతి చూడాలి.

ఇట్లు,
ఒక ఇంగ్లీష్ టీచర్