ఐసీయూ వరండాలో యోబు గ్రంథం విప్పిన అమ్మగారికి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా చెల్లి కూతురికి గుండె ఆపరేషన్ బాగా జరిగింది. ఐసీయూ నుంచి వార్డుకి మార్చారు, పాలు తాగుతోంది. ప్రార్థన చేసినవాళ్ళకి, రక్తం ఇచ్చినవాళ్ళకి, డబ్బు సర్దినవాళ్ళకి పేరుపేరునా కృతజ్ఞతలు. ఇంట్లో ఎవరికీ ఇంకా నిద్రల్లేవు, రాసింది అటూ ఇటూ అయితే సర్దుకోండి. బావ, అమ్మ, పిన్నివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, మనవాళ్ళే కదా.

ఈ పోస్టు అసలు ఒక్కరి కోసం. ఐసీయూ బయట వరండాలో మా పక్కన చాప వేసుకున్న పెద్దావిడ, రిటైరైన నర్సు. మాకు చుట్టం కాదు, మా సంఘం కాదు. పేరు రాయొద్దన్నారు, అందుకే అమ్మగారు అనే రాస్తాను.

పాప గుండెలో రంధ్రం ఉందని తెలిసినప్పటి నుంచీ చూడ్డానికి వచ్చినవాళ్ళు చెల్లితో ఒకటే మాట. “ఏ పాపం చేశారో ఒప్పుకోండి, దేవుని ఉగ్రత తొలగిపోతుంది.” కొందరు తాతల విగ్రహారాధన దాకా వెళ్ళి, మూడు నాలుగు తరాల శాపం అని తేల్చేశారు. చెల్లి తిండి మానేసింది. అమ్మగారు దానితో అన్న మొదటి మాట “తిన్నావేటమ్మా?” స్టీలు బాక్సులోంచి రెండు ఇడ్లీలు తీసి, అది తినేదాకా ఇంకో మాట ఎత్తలేదు.

తర్వాత కూడా ముందు బైబిలు తియ్యలేదు, గుండె గురించి చెప్పారు. కింది రెండు గదుల మధ్య గోడ గర్భం ఎనిమిదో వారానికల్లా మూసుకోవాలి. ఎక్కడైనా కాస్త మూసుకోకపోతే అదే రంధ్రం. ఎడమవైపు రక్తం కుడివైపుకి తోసుకొచ్చి ఊపిరితిత్తుల మీద భారం పడుతుంది. అందుకే పాలు తాగేటప్పుడు చెమటలు, ఆయాసం, బరువు పెరగకపోవడం. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే పూడిపోతాయి, పెద్దవాటికి ప్యాచ్ వేస్తారు. వెయ్యి మంది పిల్లల్లో సుమారు ఎనిమిది మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. “పాపం చేసిన అమ్మానాన్నలు వెయ్యికి ఎనిమిది జంటలేనా తల్లీ?” అన్నారు. చెల్లి అప్పుడు ఏడ్చింది. ఆసుపత్రికి వచ్చాక అది ఏడవడం అదే మొదలు.

ఆ తర్వాతే బైబిలు తీశారు. అట్ట ఊడిపోకుండా వీపున ఆసుపత్రి ప్లాస్టర్ అంటించి ఉంది. పేజీల అంచున పెన్సిల్‌తో చిన్న చిన్న గీతలు. మొదట యోహాను 9వ అధ్యాయం. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది మా వాళ్ళు అడిగిందే, పాపం వీడిదా, కన్నవాళ్ళదా అని. ఇద్దరిదీ కాదని యేసు ప్రభువు మూడో వచనంలోనే చెప్పేశాడు. తరాల శాపానికి నిర్గమ 20 చూపిస్తారు కదా, అక్కడ ఐదో వచనంతో ఆపేస్తారు. అది దేవుడు తనను ద్వేషించేవారి గురించి చెప్పిన మాట. ఆరో వచనంలో ప్రేమించేవారికి వెయ్యి తరాల కరుణ ఉంది. పైగా యెహెజ్కేలు 18లో, తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్ళు పులిసాయన్న సామెత ఇక మీ నోట రాకూడదని దేవుడే అన్నాడు. తండ్రి దోషశిక్ష కొడుకు మొయ్యడని ఇరవయ్యో వచనం. ద్వితీయోపదేశకాండం 28లో పదిహేనో వచనం నుంచి అరవై ఎనిమిది దాకా ఉన్న శాపాలు కనానులో అడుగుపెట్టబోతున్న ఇశ్రాయేలు జనాంగంతో చేసిన నిబంధనలోవి. వాటిని ఒక పసిబిడ్డ కేస్ షీటు మీద రాసే అధికారం ఎవరికీ లేదు. క్రీస్తు మన కోసం శాపమై మనల్ని శాపం నుంచి విడిపించాడన్న గలతీ 3:13 చదివిన సంఘానికి అసలే లేదు.

దేవునికి కోపమే లేదని మాత్రం అమ్మగారు అనలేదు. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే. బలహీనుణ్ణి నలిపేస్తుంటే కోపం రాని దేవుడు నలిగినవాడికి ఎందుకు పనికొస్తాడు అన్నారు. ఆ కోపం ఎవరి మీదికి వెళ్తోందో చూడమన్నారు. రోమా 1లో ఉగ్రత అంటే పిడుగులు కావు. మనిషి కోరుకున్నదానికే వాణ్ణి అప్పగించడం, ఆ మాట 24, 26, 28 వచనాల్లో మూడుసార్లు వస్తుంది. మార్కు 3:5లో యేసు కోపంతో చూసింది ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాణ్ణి కాదు, వాడు విశ్రాంతి దినాన బాగుపడకూడదని కాచుకుని కూర్చున్నవాళ్ళని. ఇక యోబు. ముప్ఫై అధ్యాయాలకు పైగా వాదనలు నడిచాక 42:7లో దేవుని కోపం మండింది ఎలీఫజు మీద, అతని ఇద్దరు స్నేహితుల మీద. ఒళ్ళంతా పుండ్లతో బూడిదలో కూర్చున్న యోబుకి “నీ పాపమే కారణం” అని వ్యాఖ్యానం చెప్పినవాళ్ళ మీద. ఆ వచనం కింద ఆవిడ వేలు అలాగే ఉంచి చెల్లి చేత రెండుసార్లు చదివించారు.

దావీదు రాజు పాపానికి అతని పసిబిడ్డ చచ్చిపోయిన సంగతి నేనే అడిగాను, ఎందుకంటే అదే అందరూ ఎత్తి చూపేది. 2 సమూయేలు 12 ఆవిడ దాటెయ్యలేదు. అక్కడ దావీదు చేయించిన ఊరియా హత్య ఉంది, దేవుడు పంపిన నాతాను ప్రవక్త ఉన్నాడు, పాపం పేరు పెట్టి చెప్పబడింది. ఆ అధ్యాయాన్ని ఇంకో రోగి బిడ్డకి అంటగట్టినవాడు బైబిల్లో ఒక్కడూ లేడు. “అయినా నాకూ ఈ అధ్యాయం బరువేనమ్మా” అన్నారు. ఇంత నిజాయితీ నేను ఏ ప్రసంగ వేదిక మీదా వినలేదు.

హెబ్రీ 12 కూడా అంతే. ప్రభువు తాను ప్రేమించేవాణ్ణి శిక్షిస్తాడన్నది హింసల్లో ఉన్న విశ్వాసులకి రాసింది, నాలుగో వచనం చూస్తే తెలుస్తుంది. జబ్బు మంచాల కోసం రాసింది కాదు. లూకా 13లో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే వాళ్ళేమీ ఎక్కువ పాపులు కారన్నాడు ప్రభువు. మారుమనస్సు పొందమన్నది చచ్చినవాళ్ళ లెక్క అడుగుతున్నవాళ్ళని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన విశాఖ మీద పడింది. 2020 మే 7న వెంకటాపురంలో గ్యాస్ లీకై నిద్రలో ఉన్నవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ళు మిగతా ఊళ్ళవాళ్ళ కంటే పాపులా? లండన్ మిషన్ వాళ్ళు 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగులోకి తెచ్చిన సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. వాటిలో లూకా ఉంది. ఈ అధ్యాయం మన ఊరికి ఇంత పాతది, అయినా వినిపించుకోం.

ఒక మాట రాయకుండా ఉండలేకపోతున్నాను. మన సంఘాల్లో సౌండ్ సిస్టమ్ నడపడానికి ట్రైనింగ్ ఇస్తారు, రోగి దగ్గరికి పంపేవాళ్ళకి మాత్రం ఏమీ నేర్పరు. ఉగ్రత సిలువ మీద తీరిందని ఆదివారం పాడి, సోమవారం అదే ఉగ్రతని పసిదాని మంచం మీద చూపిస్తే, క్రీస్తు వల్ల ఉగ్రత నుంచి తప్పించబడతామన్న రోమా 5:9 ఏం కావాలి? ఆసుపత్రులూ తక్కువేం కాదు. అటెండర్ పాస్ ఒక్కటే ఇస్తారు, ఆడవాళ్ళు రాత్రంతా నేల మీద, ఒక కుర్చీ ఉండదు.

అమ్మగారు చేసేది చూసి నేర్చుకున్నది రాస్తాను, పరామర్శకి వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. చేతులు కడుక్కోవాలి. ప్రార్థన చెయ్యమంటారా అని అడగాలి, వద్దంటే ఊరుకోవాలి. రెండు నిమిషాలు మించకూడదు, గొంతు పక్క మంచానికి వినిపించకూడదు. ప్రార్థన చేసి నూనె రాయాలంటే నుదుటి మీద, అదీ నర్సుని అడిగాకే. కుట్ల దగ్గరికి, ట్యూబుల దగ్గరికి పోనే కూడదు. పాపాలు తవ్వకూడదు. యాకోబు 5:15లో “పాపం చేసి ఉంటే” అనే ఉంది, చేసే ఉంటారని లేదు. రోగి తనంతట తాను మనసు విప్పితే వినాలి, పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడన్న 1 యోహాను 1:9 చదవాలి, రోగి చెప్పిన మాట గుమ్మం దాటకూడదు. చదవడానికి 13వ కీర్తన చాలు. మందులు ఆపమని ఎవరన్నా సరే, వాళ్ళని బయటికి పంపాలి.

అమ్మగారూ, మీరు ఇది చూస్తారో లేదో తెలీదు. చెల్లి ఇప్పుడు పాపని ఎత్తుకుని నిర్భయంగా చూస్తోంది. మీ రుణం మేం తీర్చుకోలేం.

మర్చిపోయాను, జ్ఞానాపురం నుంచి రోజూ ఫ్లాస్కుతో వేడినీళ్ళు తెచ్చిన ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) ఆంటీకి చాలా థ్యాంక్స్. రాత్రి డ్యూటీ సెక్యూరిటీ అన్నకి కూడా, అమ్మని లోపలికి వదిలినందుకు. అర్ధరాత్రి గాజువాక నుంచి డబ్బులు తీసుకోకుండా దింపిన ఆటో తమ్ముడికీ. బ్లడ్ బ్యాంకులో ఫారాలు నింపిపెట్టిన అబ్బాయి పేరు అడగలేదు, అతనికీ.

మాకు ఇక రక్తం అవసరం లేదు. పక్క మంచం బాబుకి బి నెగెటివ్ కావాలి, ఇవ్వగలిగినవాళ్ళు మెసేజ్ పెట్టండి.