సైకాలజీ ఎంఏ గురించి రఘుకి

ఒరేయ్ రఘూ,

నీ మెసేజ్ అందింది. "కోడింగ్ ఇక చాలు, సైకాలజీలో ఎంఏ చేసి కౌన్సెలర్‌నవుతా" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. దాని కిందే "ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో కానిచ్చేస్తా" అని ఇంకో ముక్క. ఫోన్ చేస్తే సగంలో అడ్డొస్తావు, అందుకే ఉత్తరం. ముందు ఆ రెండో ముక్క సంగతి చెప్తా.

ఆ దారి ఇప్పుడు లేదురా. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపొద్దని యూజీసీ యూనివర్సిటీలకు చెప్పేసింది. 2021లో వైద్య అనుబంధ వృత్తుల కోసం జాతీయ కమిషన్ చట్టం ఒకటి వచ్చింది కదా, దాని పరిధిలోని సబ్జెక్టులన్నిటికీ ఇదే వరస. మీ ఆఫీసులో ఒకాయన ఇగ్నోలో చేశాడన్నావు, ఆయన అంతకుముందే చేరి ఉంటాడు. ఎవరైనా ఫోన్ చేసి "ఇంట్లో కూర్చునే ఎంఏ సైకాలజీ, ఫీజు వాయిదాల్లో" అంటే రూపాయి కూడా కట్టకు. అంటే రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు, రోజూ క్లాసు, జీతం సున్నా. ఫ్లాట్ ఈఎంఐ లెక్క మీ ఆవిడతో కూర్చుని తేల్చుకున్నాకే మిగతాది చదువు.

తేలిందా? సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. ఏ యూనివర్సిటీ అని అడిగావు గానీ, చదువయ్యాక ఏ కుర్చీలో కూర్చుంటావో చెప్పలేదు. ఆసుపత్రిలోనా, స్కూల్లోనా, హెల్ప్‌లైన్‌లోనా? కోర్సు దాన్నిబట్టి ఉంటుంది.

క్లినికల్ సైకాలజిస్ట్ అనేది ఎవరికి వాళ్లు బోర్డు మీద రాసుకునే పేరు కాదు. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అందరూ ఆర్‌సీఐ అంటారు, ఆమోదించిన క్లినికల్ కోర్సు చేసి వాళ్ల సెంట్రల్ రిజిస్టర్‌లో నంబరు తెచ్చుకోవాలి. మామూలు ఎంఏ సైకాలజీ ఎంత పేరున్న చోట చేసినా ఆ నంబరు రాదు. ఇన్నాళ్లూ ఎంఏలో 55 శాతం తెచ్చుకుని, ఆ పైన రెండేళ్ల ఎంఫిల్ చేసేవాళ్లు. దేశమంతా ఎంఫిల్ ఎత్తేసినప్పుడు క్లినికల్ సైకాలజీకీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కీ మాత్రం 2025-26 దాకా యూజీసీ గడువిచ్చింది. ఆ స్థానంలోకి ఆర్‌సీఐ కొత్త కోర్సులు తెచ్చింది, రెండేళ్ల ఎంఏ క్లినికల్ సైకాలజీ వాటిలో ఒకటి. చిక్కేమిటంటే, సరిగ్గా అదే పేరుతో ఆర్‌సీఐ ఆమోదం లేని ఎంఏలు కూడా ఉన్నాయి. బ్రోషర్ చూసి మోసపోకు. ఆర్‌సీఐ వెబ్‌సైట్లో ఆమోదించిన సంస్థల జాబితా తెరిచి, ఆ కాలేజీ, ఆ కోర్సు, నువ్వు చేరే ఏడాది, మూడూ ఒకే వరసలో కనబడితేనే అడుగెయ్. ఆ నంబరు లేకపోతే ఏం పోతుందంటావా? మేధో వైకల్యం సర్టిఫికెట్ కోసం పిల్లాడికి ఐక్యూ పరీక్ష చేసి నువ్వు రాసే రిపోర్టు చెల్లదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో క్లినికల్ సైకాలజిస్ట్ పోస్టుకి అప్లై చేయలేవు.

కౌన్సెలర్‌గా చేయడానికి ఆ నంబరు అక్కర్లేదు. మంచి ఎంఏ, చేతినిండా ప్రాక్టీసు చాలు. గట్టి రిజిస్టర్ ఇంకా స్థిరపడలేదు కాబట్టే వీకెండ్ కోర్సు చేసినవాళ్లూ "థెరపిస్ట్" అని బోర్డు పెడుతున్నారు. నాకు వాళ్లమీద కోపమే, దాచుకోను. పనికైతే చోటుంది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన అమ్మాయి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది: వందమంది లేదా అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్ట్‌నో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని. మన జూనియర్ కాలేజీల లెక్క తీస్తే ఎన్ని కుర్చీలో ఊహించుకో. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, 14416, తెలుగులో మాట్లాడే కౌన్సెలర్లు కావాలి. హెచ్ఐవీ పరీక్షా కేంద్రాలు, హింసకు గురైన ఆడవాళ్ల కోసం సఖి కేంద్రాలు, హైదరాబాద్‌లో పోలీసుల భరోసా కేంద్రం, డీ-అడిక్షన్ సెంటర్లు ఉన్నాయి. వీటిలో చాలావరకు కాంట్రాక్టు కొలువులే, మొదటి రెండు మూడేళ్లు నీ ఇప్పటి జీతం తలుచుకోకు. పాఠాలు చెప్పాలనుంటే లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయొచ్చు, అది వేరే దారి.

సీటు సంగతి పెద్దగా లేదు. ప్రవేశ పరీక్షలు ఇవీ: తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రలో పీజీసెట్, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతి ఎస్వీయూ మనకు తెలిసినవే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ సెంటర్ ఉంది. సీయూఈటీలో 75 ప్రశ్నలు, రైటుకి 4, తప్పుకి మైనస్ 1, కాబట్టి గుడ్డిగా టిక్కులు పెట్టకు. బీటెక్ వాళ్లని తీసుకుంటారా లేదా అనేది చోటును బట్టి మారుతుంది, నోటిఫికేషన్‌లో అర్హత కాలమ్ చదివాకే ఫీజు కట్టు.

చేరాక స్టాటిస్టిక్స్‌తో నీకేం ఇబ్బంది ఉండదు. నిన్ను వంచేది కేస్ హిస్టరీ. కాగితం మీద చూస్తే ఏముంది, వరసగా గడులు: ఎవరు చెప్తున్నారు, ఏం బాధ, ఎప్పటినుంచి, ఎలా మొదలైంది, లేనివేమిటి (మూర్ఛ, తలకు దెబ్బ, మద్యం), కుటుంబంలో మూడు తరాలు, చదువు, పెళ్లి, జబ్బుకి ముందు మనిషి ఎలా ఉండేవాడు. చెడేది మొదటి రెండు గడుల్లోనే. ఒకావిడ వచ్చి "ఒళ్లంతా మంటలండీ, గుండె దడ, నిద్ర పట్టట్లేదు" అంటుంది. కొత్త స్టూడెంట్ "డిప్రెషన్, యాంగ్జైటీ" అని రాసుకుంటాడు. సూపర్‌వైజర్ ఎర్ర పెన్నుతో కొట్టేస్తారు, కొట్టేయాలి కూడా. ఆమె మాటలు ఆమె అన్నట్టే, ఒక్కోదాని పక్కన ఎన్నాళ్లనుంచో, పాతది పైన కొత్తది కింద రాయాలి: నిద్ర పట్టకపోవడం ఆరు నెలలు, మంటలు మూడు నెలలు, దడ నెల. అలా రాస్తే నిద్ర ముందు పోయిందని కనబడుతుంది, అప్పుడు ఆరు నెలల కింద ఏం జరిగిందని అడగాలనిపిస్తుంది. నువ్వు ముందే పేరు పెట్టేస్తే ఆ ప్రశ్నే పుట్టదు. థైరాయిడో రక్తహీనతో అయితే డాక్టరు దగ్గరికి పంపాలన్న ఆలోచనా రాదు. పక్కన కూర్చున్న భర్త ప్రతిదానికీ ముందే జవాబిస్తాడు, ఆయన చెప్పింది వేరుగా, ఆమె చెప్పింది వేరుగా రాయి. రెండూ కలిపేశావా, ఆమె గొంతు కాగితంలోంచి మాయమే.

తర్వాత మానసిక స్థితి పరీక్ష. వందలోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మంటారు, ఏకాగ్రత చూడ్డానికి. బడి మొహం చూడని మనిషిని అది అడిగి "ఏకాగ్రత తక్కువ" అని రాస్తే, నువ్వు కొలిచింది ఆమె చదువుని. ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమను, లేదా వారాల పేర్లు వెనకనుంచి చెప్పమను.

కౌన్సెలింగ్ ప్రాక్టికల్‌లో నీ జబ్బు ఏమిటో ఇప్పుడే చెప్పగలను: ఐదో నిమిషంలో పరిష్కారం చెప్పేస్తావు. ఐటీ వాళ్లకి ఎదుటి మనిషి కంప్లైంట్ టికెట్‌లా కనబడతాడు, క్లోజ్ చేస్తే గానీ నిద్రపట్టదు. మిగతావాళ్లది ఇంకో జబ్బు, "అన్నీ సర్దుకుంటాయిలే" అనడం. అందుకే తోటి స్టూడెంట్‌తో చేసే సెషన్ రికార్డు చేసి, మాట పొల్లుపోకుండా కాగితం మీద పెట్టమంటారు. గంట ఆడియోకి ఒక పూట పడుతుంది. విసుగే, కానీ అడ్డు తగిలిన చోటల్లా నీ కంటికే కనబడుతుంది.

ఒక ప్రశ్న మాత్రం మొహమాటపడకుండా అడగడం నేర్చుకో: "చనిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు, పుట్టదు. అవునంటే, ఎలా అనుకున్నారు, ఎప్పుడు, దానికి కావలసింది దగ్గరుందా అని వరసగా అడగాలి. పల్లెటూరి కేసైతే ఇంట్లో పురుగుమందు ఉందేమో అడిగి, ఆ రోజే ఇంటివాళ్లతో తీయించేయాలి. అడిగి తెలుసుకుని ఊరుకోకూడదు, సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపేదాకా నీ బాధ్యతే. ఇలాంటప్పుడు ఇంటివాళ్లకి చెప్పాల్సి వస్తుందని మొదటి సెషన్‌లోనే చెప్పి పెట్టు, లేకపోతే నమ్మకద్రోహం అనుకుంటారు. పిల్లలమీద లైంగిక దాడి అని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పి తీరాలి, గోప్యత అక్కడ అడ్డం రాదు.

ఇక ఇంటర్న్‌షిప్. పది రోజులకు డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టేవి బోలెడు. సీటు తీసుకునే ముందే డిపార్ట్‌మెంట్‌కెళ్లి సీనియర్లని పట్టుకుని రెండే అడుగు: ఏ ఆసుపత్రికి పంపుతారు, వారానికి ఎన్ని కేసులు సూపర్‌వైజర్ ముందు కూర్చుని చెప్తారు? "రికార్డు సీనియర్లది చూసి రాసేస్తాం" అన్నారంటే ఆ సీటు వదిలెయ్. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికో, విశాఖ మానసిక ఆసుపత్రికో నిజంగా పంపి, చూడనిచ్చి, తిట్టే మాస్టారు ఉన్న చోటు దొరికితే యూనివర్సిటీ ర్యాంకు చూడక్కర్లేదు.

సీయూఈటీ ఫారాలు డిసెంబరు ప్రాంతంలో వస్తుంటాయి. ఈలోపు నీ బీటెక్ మెమోలన్నీ స్కాన్ చేసి పంపు, శాతం ఎంతో చూస్తాను. బ్యాక్‌లాగ్‌ల సంగతి నాకు తెలుసులే, అవి కూడా పంపు.

నీ
శ్రీను