ఊపు గురించి రాసేటప్పుడు పిచ్చర్ భుజం గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

మన లెక్కన 2025 నవంబరు 2 ఉదయం ముగిసిన అమెరికా బేస్‌బాల్ వరల్డ్ సిరీస్‌పై మీ క్రీడల పేజీలో వచ్చిన చిన్న వార్తను రెండుసార్లు చదివాను. లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ జట్టు చివరి రెండు ఆటల్లో ‘ఊపు అందుకుని’ టొరంటో బ్లూజేస్‌ను ఓడించిందని అందులో రాశారు. అదే రోజు రాత్రి మన అమ్మాయిలు నవీ ముంబైలో క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచారు, వారిలో మన కడప జిల్లా శ్రీచరణి కూడా ఉంది కాబట్టి, బేస్‌బాల్‌కు చోటు తగ్గడం సహజమే. నా అభ్యంతరం ఆ ఒక్క మాట మీదే. ముప్ఫై ఏళ్లకు పైగా బడి పిల్లలకు సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ నేర్పిన వ్యాయామ ఉపాధ్యాయుడిగా, ఆ మాటను నమ్మి పెద్దలు పిల్లల చేత ఎన్ని బంతులు వేయించారో కళ్లారా చూశాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏడు ఆటల్లో నాలుగు గెలిచినవారిదే ఆ సిరీస్. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌తో ముగిసే ఆట (ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ చెరోసారి బ్యాటింగ్ చేస్తాయి) మూడోసారి 18 ఇన్నింగ్స్ దాకా, ఆరున్నర గంటలకు పైగా సాగి, ఫ్రెడ్డీ ఫ్రీమన్ హోమ్ రన్‌తో (మన సిక్సర్ లాంటి దెబ్బతో) డాడ్జర్స్ వశమైంది. ఊపు అనేది నిజంగా ఉంటే, అంతసేపు పోరాడి ఓడిన టొరంటో మరునాడు లేచి నిలబడకూడదు. కానీ ఆ జట్టు నాలుగో ఆటను 6-2తో, ఐదో ఆటను 6-1తో గెలిచింది, ఎందుకంటే ఆ రెండు రోజులూ బంతి షేన్ బీబర్ చేతిలో, ఆ తర్వాత 22 ఏళ్ల ట్రే యెసావేజ్ చేతిలో ఉంది. యెసావేజ్ ఒక్కడే ఆ రోజు 12 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని సరిగా కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. ఇక 3-2 ఆధిక్యంతో సొంతగడ్డకు చేరిన టొరంటోదే ఊపని అందరూ అన్నారు. ఆరో ఆటలో యోషినోబు యమమోటో 96 బంతులు వేశాడు, డాడ్జర్స్ 3-1తో గెలిచింది. ఒక్క రాత్రిలో మారింది ఆటగాళ్ల మనసు కాదు, బంతి వేసిన చెయ్యి. ‘ఊపంటే రేపు ఆట మొదలుపెట్టే పిచ్చరే (బంతి వేసేవాడే)’ అన్న మాటను బాల్టిమోర్ జట్టు ఒకప్పటి మేనేజర్ (జట్టును నడిపే కోచ్) ఎర్ల్ వీవర్ పేరిట ఆ ఆట తెలిసినవారు నేటికీ తలుచుకుంటారు.

క్రికెట్‌కు అలవాటుపడిన మనకు ఇక్కడ ఒక తేడా అర్థం కావాలి. వన్డేలో ఏ బౌలరైనా పది ఓవర్లకు మించి వేయకూడదు, ఓ స్పెల్ ముగించిన బౌలర్‌ను కెప్టెన్ మళ్లీ పిలుచుకోవచ్చు. బేస్‌బాల్‌లో పెద్దల స్థాయిలో అలాంటి హద్దు లేదు, ఒకసారి ఆట నుంచి తప్పించిన పిచ్చర్ ఆ ఆటలో తిరిగి రాలేడు. అందువల్ల పిచ్చర్‌ను ఉంచాలా, తీయాలా అన్నది వెనక్కి తీసుకోవడానికి వీల్లేని నిర్ణయం.

2020 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో టాంపా బే మేనేజర్ కెవిన్ క్యాష్, 73 బంతుల్లో 9 మందిని స్ట్రైకౌట్ చేసి కేవలం రెండు హిట్లు (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం) ఇచ్చిన బ్లేక్ స్నెల్‌ను 1-0 ఆధిక్యంలో ఉండగానే తప్పించాడు. ఒకే బ్యాటర్‌కు మూడోసారి ఎదురుపడే పిచ్చర్ తేలిపోతాడన్న లెక్క ఆయనది. ఆట 3-1తో పోయింది, సిరీసూ పోయింది. అంతకుముందు 2003లో బోస్టన్ మేనేజర్ గ్రేడీ లిటిల్ సరిగ్గా దీనికి విరుద్ధంగా, న్యూయార్క్ యాంకీస్‌తో లీగ్ ఫైనల్ ఏడో ఆట ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 5-2 ఆధిక్యం ఉండగా, వంద బంతులు దాటిన పెడ్రో మార్టినెజ్‌ను అలాగే ఉంచాడు. అదీ చేజారింది. తీసినవాడూ నింద మోశాడు, తీయనివాడూ నింద మోశాడు. నా మట్టుకు నేను స్నెల్‌ను మరో ఇద్దరు బ్యాటర్ల వరకైనా ఉంచి ఉండాల్సిందనే అనుకుంటాను, కానీ క్యాష్ కనీసం అలసటను లెక్కలోకి తీసుకున్నాడు.

మళ్లీ మొన్నటి ఏడో ఆటకు వస్తాను. మూడు రోజుల విశ్రాంతితోనే ఆట మొదలుపెట్టిన షోహెయ్ ఒహ్తాని, మూడో ఇన్నింగ్స్‌లో బో బిషెట్‌కు మూడు పరుగుల హోమ్ రన్ ఇచ్చాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మిగెల్ రోహాస్ కొట్టిన హోమ్ రన్‌తో స్కోరు 4-4 అయింది. ఆ ఇన్నింగ్స్ రెండో సగంలో, ఇప్పుడు డాడ్జర్స్‌కే ఆడుతున్న అదే స్నెల్ ఇద్దరిని బేస్‌ల మీదికి రానివ్వగా, ముందురోజు రాత్రి 96 బంతులు వేసిన యమమోటోను మేనేజర్ డేవ్ రాబర్ట్స్ మళ్లీ దింపాడు. అతను మరో 34 బంతులు వేసి పదకొండో ఇన్నింగ్స్‌లో విల్ స్మిత్ హోమ్ రన్‌తో వచ్చిన 5-4 ఆధిక్యాన్ని నిలబెట్టాడు. ఆ నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను, ఎందుకంటే మరునాడు ఆట లేదు, పక్కన వైద్య బృందం ఉంది, చలికాలమంతా విశ్రాంతి ఉంది. ఇవేమీ రాయకుండా ‘ఊపు’ అని మాత్రమే రాస్తే, మన బడి మైదానంలో చదివేవాడికి మిగిలేది వీరుడైతే రోజూ వేస్తాడన్న సంగతి ఒక్కటే.

కొన్నేళ్ల కిందట మా ప్రాంతంలో జరిగిన ఒక బడుల పోటీలో, పద్నాలుగేళ్ల కుర్రవాడొకడు ఉదయం సెమీఫైనల్ అంతా తానే వేశాడు. నేను గులకరాళ్లను ఒక జేబులోంచి మరో జేబులోకి మారుస్తూ లెక్కపెట్టాను, 82 బంతులు. మధ్యాహ్నం ఫైనల్లోనూ అతనికే బంతి ఇస్తుంటే వెళ్లి అడిగాను. ‘మాస్టారూ, ఊపు మనవైపు ఉన్నప్పుడు పిచ్చర్ని ఎవరైనా మారుస్తారా’ అన్నారు వారి కోచ్. కప్పు గెలిచారు. సాయంత్రం సహపంక్తి భోజనంలో ఆ పిల్లవాడు పెరుగన్నం కలిపి, ముద్దను నోటిదాకా ఎత్తలేక, ఎవరూ చూడకుండా ఎడమ చేతికి మార్చుకున్నాడు. మరుసటి ఏడాది అతను మైదానానికి రాలేదు. ఈ ఆటను పుట్టించిన దేశంలోనే 13, 14 ఏళ్ల పిల్లలకు రోజుకు 95 బంతులకు మించి వద్దని, 66 గానీ అంతకు మించి గానీ బంతులు వేస్తే నాలుగు రోజులు విశ్రాంతినివ్వాలని మేజర్ లీగ్ బేస్‌బాల్, ఆ దేశపు బేస్‌బాల్ సంస్థ కలిసి మార్గదర్శకాలు ఇచ్చాయి. ఆ లెక్కన ఆ మధ్యాహ్నం అతను బంతి ముట్టనే కూడదు.

అందువల్ల ఇకపై ఇలాంటి సిరీస్ వార్తలు వేసినప్పుడు, ప్రతి పిచ్చర్ పేరు పక్కన ఎన్ని బంతులు వేశాడో, ఎన్ని రోజుల విశ్రాంతి తర్వాత వేశాడో కూడా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. గుంటూరు, కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల్లో బడుల పోటీలు నడిపేవారు తమ స్కోరు పట్టీలో ఆ రెండింటికీ చెరో గడి గీయాలి. రాయడానికి మనిషి దొరకని చోట నన్ను పిలిస్తే, పెన్సిలు పట్టుకుని నేనే వస్తాను.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు