ఉద్యోగం మాని చదువుకెళ్లిన చిన్నికి

చిన్నీ,

క్లాసులు ఊపందుకుంటే ఈ లెక్కలు చూసే తీరిక నీకుండదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఈ రెండేళ్లూ పన్ను ఎలా తగ్గించుకోవాలా అని తల బద్దలు కొట్టుకోకు. ఇప్పటికే జీతంలో కోసిన పన్ను వెనక్కి తెచ్చుకుని చదువు లోను వడ్డీకి కట్టు. నీకు అసలు మేలు అక్కడుంది.

నీ జీతం నెలకు 1,30,000. ఏడాదంతా చేస్తావనుకుని కంపెనీ వేసిన లెక్క ఇది: 15,60,000లో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 14,85,000. మినహాయింపులు తక్కువ, రేట్లు తక్కువ ఉండే కొత్త పద్ధతి శ్లాబుల్లో దానిమీద పన్ను 1,02,750, నాలుగు శాతం సెస్సు కలిపితే 1,06,860. అంటే నెలకు 8,905 కోత. నువ్వు చేసింది ఏప్రిల్ నుంచి జులై దాకా నాలుగు నెలలే. డిడక్షన్ తీసేస్తే నీ ఆదాయం 4,45,000. 2025-26లో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది కాబట్టి నువ్వు కట్టాల్సింది సున్నా. కోసిన 35,620 మొత్తం నీదే. చివరి సెటిల్‌మెంట్‌లో కంపెనీ కొంత సర్ది ఉంటే ఆ మేరకు తగ్గుతుంది, పేస్లిప్ చూడు.

ఈ డబ్బు దానంతటది రాదమ్మా, రిటర్న్ వేస్తేనే వస్తుంది. ఆదాయం తక్కువే కదా, రిటర్న్ ఎందుకులే అని చాలామంది ఇక్కడే వదిలేసుకుంటారు. ముందు ఆదాయపు పన్ను పోర్టల్లోకి వెళ్లి ఈమెయిల్ మార్చు, ఆఫీసు మెయిలే ఉండిపోతే నోటీసు వచ్చినా నీకు తెలియదు. ఫారం 16, అంటే జీతం, కోసిన పన్ను చూపే సర్టిఫికెట్, కూడా సొంత మెయిల్‌కి పంపమని హెచ్‌ఆర్‌కి రాసి పెట్టు, వాళ్లు జూన్ 15 లోపు ఇవ్వాలి. అది వచ్చాక పోర్టల్లో 26ఏఎస్, అంటే నీ పేరున జమైన పన్ను చూపే పత్రం, తెరిచి పక్కపక్కన పెట్టుకుని చూడు. కంపెనీ టాన్ (పన్ను కోసేవాళ్ల నంబరు) కింద నెలకో వరుస, ప్రతి వరుసలో కోసిన మొత్తం, పక్కన జమ ఖరారైందని చెప్పే 'ఎఫ్' అన్న అక్షరం ఉండాలి. అంతకుముందే తెరిచి చూస్తే జులై కోత మాత్రం కంపెనీ లెక్క దాఖలు చేసే అక్టోబర్ 31 గడువు దాకా కనిపించకపోవచ్చు, కంగారు పడకు. ఆ తర్వాత కూడా రాకపోతే అప్పుడు కంపెనీని అడగాలి. సేవింగ్స్ వడ్డీ, డిపాజిట్ వడ్డీ అదే పోర్టల్లో నీ ఆదాయ వివరాలన్నీ చూపే ఏఐఎస్‌లో ఉంటాయి, అవి కలపడం మర్చిపోకు. నువ్వు వేయాల్సిన రిటర్న్ ఫారం ఐటీఆర్-1, దాని గడువు 2026 జులై 31. దాటితే నీ ఆదాయానికి వెయ్యి రూపాయల ఫీజు పడుతుంది. వేసిన 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయకపోతే అది చెల్లదు. రిఫండ్ పడే అకౌంటు ముందే వ్యాలిడేట్ చేసి పెట్టు.

2026 ఏప్రిల్ నుంచి 1961 ఆదాయపు పన్ను చట్టం పోయి 2025 చట్టం అమలు, సెక్షన్ల నంబర్లు వేరు. 2025-26 ఆదాయానికి మాత్రం పాత చట్టమే.

ఇక లోను. తొమ్మిది శాతానికి ఏడాదికి రెండు లక్షలు చొప్పున విడుదల చేస్తారు కదా. మొదటి ఏడాది వడ్డీ 18,000, రెండో ఏడాది 36,000, చదువయ్యాక ఇచ్చే ఏడాది గడువులో ఇంకో 36,000. ఏమీ కట్టకపోతే ఈ 90,000 అసలులో కలిసిపోయి, ఈఎంఐ నాలుగు లక్షల మీద కాక 4,90,000 మీద మొదలవుతుంది. అదే నెలకు 1,500 కట్టుకుంటూ పోతే మొదటి ఏడాది వడ్డీ తీరిపోతుంది. నీ రిఫండ్ ఆ ఏడాదినంతా మోసి, రెండో ఏడాదిలో దాదాపు సగానికి వస్తుంది. చదువుకునే రోజుల్లో వడ్డీ కడితే కొన్ని బ్యాంకులు రేటులో ఒక శాతం తగ్గిస్తాయి, బ్రాంచిలో అడుగు.

ఇప్పుడు కడితే చదువు లోను వడ్డీకి ఇచ్చే 80ఇ పన్ను మినహాయింపు పోతుందని ఎవరైనా అంటారు. అందులో కొంత నిజముంది: వడ్డీ కట్టడం మొదలైన ఏడాది నుంచి ఎనిమిదేళ్లే ఆ మినహాయింపు, అదీ పాత పద్ధతిలోనే. ఆదాయం లేని ఈ ఏళ్లు ఆ లెక్కలో వృథాగా పోతాయి. కానీ రేపు నువ్వు కొత్త పద్ధతిలోనే ఉంటే ఆ మినహాయింపు నీకు ఎలాగూ రాదు. రాని మినహాయింపు కోసం 90,000 నెత్తిన పెట్టుకోవద్దు.

ఫీజు సంగతి. పిల్లల ట్యూషన్ ఫీజుకిచ్చే 80సీ మినహాయింపు నీ చదువుకు నువ్వే కట్టుకుంటే వర్తించదు. నాన్న ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నారు కాబట్టి ఆయన అకౌంటు నుంచి కడితే ట్యూషన్ ఫీజు వరకు ఆయనకు లెక్కలోకి వస్తుంది. హాస్టల్, డెవలప్‌మెంట్ ఫీజులు రావు. రసీదులో ఏ పద్దు కింద ఎంతో విడివిడిగా ఉండేట్టు చూడు. మేం పంపే డబ్బు నీకు ఆదాయం కాదు. నెలకు 12,400 గేట్ స్కాలర్‌షిప్ మీద కూడా పన్ను లేదు. ఫ్రీలాన్స్ పని చేసి డబ్బు తీసుకుంటే మాత్రం ఐటీఆర్-1 పనికిరాదు, ముందే చెప్పు.

పీఎఫ్ ముట్టుకోకు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే అది పన్ను లెక్కలోకి వస్తుంది, 50,000 దాటితే పది శాతం కోసే ఇస్తారు. రేపు కొత్త ఉద్యోగంలో అదే యూఏఎన్‌కి (నీ శాశ్వత పీఎఫ్ నంబరు) బదిలీ చేయించుకుంటే పాత సర్వీసు కలుస్తుంది.

ఖర్చుల్లో ముందు కనిపించనివి పట్టుకో. జీతం పడటం ఆగిన కొన్ని నెలలకు శాలరీ అకౌంటు మామూలు అకౌంటవుతుంది, కొన్ని బ్యాంకుల్లో మినిమం బ్యాలెన్స్ లేదని కోతలు మొదలవుతాయి. ఇప్పుడే జీరో బ్యాలెన్స్ అకౌంటుకి మారు. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి, వాడనివన్నీ రద్దు చెయ్యి. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోయింది. కొత్త పాలసీలో ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు కవర్ ఉండదు కాబట్టి ఈ వారమే తీసుకో, ఇక్కడ మాత్రం పొదుపు వద్దు. స్కాలర్‌షిప్ కొన్నిసార్లు నెలల తరబడి ఆలస్యమవుతుంది. మూడు నెలల మెస్, అద్దె డబ్బు విడిగా ఉంచుకో. క్రెడిట్ కార్డు మీద బతకొద్దు, నెలకు మూడు శాతం పైన వడ్డీ ముందు నీ లోను ఏ మూలకూ రాదు. పుస్తకాలు కొనేముందు లైబ్రరీ చూడు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కాలేజీ ఇస్తుందేమో డిపార్ట్‌మెంట్లో అడుగు.

రిఫండ్ పడగానే లోను అకౌంటుకి వెయ్యి. మర్నాడు స్టేట్‌మెంట్ తెరిచి దాన్ని వడ్డీలో జమ చేశారా అసలులోనా చూసుకో. అసలులో వేసి ఉంటే బ్రాంచికి రాసి మార్పించు.

అమ్మ