పోలో జీటీ టీఎస్‌ఐ కోసం ఎదురుచూస్తున్న వారికి: ధర గురించి, ఆలస్యం గురించి

అందరికీ నమస్కారం. మా సెకండ్ హ్యాండ్ కార్ల దుకాణంలో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ కోసం పేరు రాయించుకుని నెలల తరబడి ఆగిన వారికీ, ఫోన్‌లో ధర విని వెనక్కి తగ్గిన వారికీ వివరంగా సమాధానం చెప్పవలసిన బాధ్యత నాపై ఉంది. ఈ మధ్య దాదాపు అందరూ అడుగుతున్నది ఒకటే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి దిగి కొత్త కార్లే చవకైనప్పుడు, ఏళ్లనాటి పోలో ధర మాత్రం ఎందుకు దిగలేదన్నది ఆ ప్రశ్న. అడగడంలో తప్పేమీ లేదు.

మా దగ్గరున్న మిగతా చిన్న కార్ల ధరలు ఆ వారంలోనే తగ్గించాను. కొత్త కారు ధర దిగితే అదే మోడల్ సెకండ్ హ్యాండ్ కారు ధర దిగక తప్పదు. పోలో జీటీ టీఎస్‌ఐ విషయంలో ఆ లెక్క కుదరదు, ఎందుకంటే పోల్చి చూడడానికి కొత్తది లేదు. 2013లో 7.99 లక్షల రూపాయల ఎక్స్‌షోరూం ధరతో వచ్చిన ఈ కారులో 1197 సీసీ టర్బో పెట్రోల్ ఇంజిన్, దానికి జోడీగా డీఎస్‌జీ అనే, రెండు క్లచ్‌లతో పనిచేసే ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉండేవి. 2020లో బీఎస్‌-6 అనే వాహన కాలుష్య నిబంధనలు రాగానే ఆ ఇంజిన్, ఆ గేర్‌బాక్స్ రెండూ పోయి, మూడు సిలిండర్ల ఒక లీటరు టర్బో ఇంజిన్ వచ్చింది. 2022లో 700 లెజెండ్ ఎడిషన్ కార్లతో మన దేశంలో పోలో అమ్మకాలే ముగిశాయి. అంటే మీరు అడుగుతున్న కారు దాదాపు ఏడేళ్లపాటు తయారైనదే తప్ప, దాని సంఖ్య ఇక పెరిగేది కాదు. ప్రమాదాల్లో పోయినవి పోగా, బాగా చూసుకున్న యజమానులు దాన్ని వదులుకోవడానికి ఇష్టపడడం లేదు.

దీన్ని కొనడానికి వచ్చిన వారితో పాటు వచ్చే బంధువులు చాలాసార్లు బేరం మధ్యలోనే ఆపేస్తారు. వీధిలో కనిపించే మామూలు పోలోకూ దీనికీ బయట నుంచి తేడా దాదాపు ఏమీ లేదు. ముందు గ్రిల్‌పై జీటీ అన్న రెండక్షరాలు, వెనుక టీఎస్‌ఐ అన్న మూడక్షరాలు తప్ప పెద్ద గుర్తులేవీ ఉండవు. ఇంత చిన్న పాత కారుకు ఇంత ధర ఏమిటని వారు అడగడం సహజం. నివురుగప్పిన నిప్పులాంటి ఈ స్వభావమే, తెలిసిన వారికి దీనిపై ప్రేమ పుట్టిస్తుంది. 105 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి ఈనాటి కాగితాలపై చిన్న అంకెగానే కనిపిస్తుంది, నిజమే. కానీ 1976లో జర్మనీలో హాట్ హ్యాచ్ (చిన్న కారులో బలమైన ఇంజిన్) అన్న మాటకే ప్రాణం పోసిన తొలి గోల్ఫ్ జీటీఐ శక్తి కూడా 110 పీఎస్ మాత్రమే. 175 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, తక్కువ వేగంలోనే అందడం వల్ల, లారీని దాటవలసిన చోట ఈ కారు తడబడదు. ఆ పికప్ ఒకసారి అనుభవించిన వారికి నేను చెప్పవలసింది ఏమీ మిగలదు. ఇక శక్తితో పాటు కంపెనీ వారంటీ కూడా ముఖ్యమనుకునే వారిని నేనే 120 పీఎస్ ఉన్న హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ చూసి రమ్మని పంపుతున్నాను.

పేర్ల గందరగోళం గురించి కూడా హెచ్చరించాలి. జీటీ అన్న గుర్తు డీజిల్ పోలోకూ ఉండేది. జీటీఐ పూర్తిగా వేరే కారు. అది 2016లో 25.65 లక్షల ధరతో, 99 కార్లకే పరిమితమై దిగుమతైన మూడు తలుపుల కారు. వీటికంటే బాధ కలిగించేది, మామూలు పోలోకు గుర్తులు అతికించి అమ్మజూపడం. ఎక్కడ కొన్నా ముందు ఆర్‌సీ తీసి చూడండి. అప్పటి మామూలు 1.2 పెట్రోల్ పోలోలో 1198 సీసీ, మూడు సిలిండర్లు ఉంటాయి. జీటీ టీఎస్‌ఐలో 1197 సీసీ, నాలుగు సిలిండర్లు ఉంటాయి. ఆ ఒక్క సీసీ తేడా చూడక మోసపోయిన వారిని నేను చూశాను.

ఆలస్యానికి అసలు కారణం గేర్‌బాక్స్. ఈ డీఎస్‌జీలో రెండు పొడి క్లచ్‌లు ఉంటాయి. ఒకటి 1, 3, 5, 7 గేర్లను, రెండోది 2, 4, 6 గేర్లతో పాటు రివర్స్‌ను నడుపుతుంది. వీటిని చల్లబరచడానికి ఆయిల్ ఉండదు కనుక, అడుగడుగునా ఆగే ట్రాఫిక్‌లో ఏళ్లపాటు తిరిగిన కారులో అవి త్వరగా అరుగుతాయి. వాటిని నియంత్రించే మెకాట్రానిక్ యూనిట్ దెబ్బతింటే మరమ్మతు ఖర్చు లక్ష దాటిపోవచ్చు.

గత నెలలో ఒకే యజమాని చేతిలో ఉన్న తెల్లని కారు ఒకటి వచ్చింది. రంగు మెరుస్తోంది, సర్వీసు బిల్లులన్నీ వరుసగా ఫైలులో ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు ఎక్కడా వంక పెట్టలేకపోయాను. నలభై నిమిషాలు రద్దీలో నడిపిన తరువాత మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు సీటు కింద సన్నని వణుకు మొదలైంది, కప్ హోల్డర్‌లో పెట్టిన తాళంచెవుల గుత్తి గలగలలాడింది. అప్పటికే ఆ కారు మీద ఒకరి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉన్నాను. తీసుకోకుండా ఉండవలసింది. కారు వెనక్కి పంపి, అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇచ్చాను. ఆయన ఇంట్లో అందరికీ కారు వస్తోందని చెప్పుకున్నారట. ఆయన గొంతులో వినిపించిన నిరాశ నన్ను ఇంకా బాధిస్తోంది, ఆయనకు ఇక్కడ మరోసారి క్షమాపణ చెబుతున్నాను.

పన్ను సంగతి క్లుప్తంగా చెబుతాను. డీలరు అమ్మే పాత కారు మీద జీఎస్టీ మొత్తం ధరపై కాదు, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య మిగిలే మార్జిన్‌పై పడుతుంది. ఈ పరిమాణం కార్లకు అది 12 శాతం ఉండేది, 2025 జనవరి నుంచి 18 శాతమైంది. 50,000 రూపాయలు మిగిలే చోట 6,000 కట్టేవాడిని, ఇప్పుడు 9,000 కడుతున్నాను. ధర మొత్తానికి ఇదే కారణమని చెబితే అబద్ధమవుతుంది. ఎక్కువ భాగం కారు కొనడానికి పెట్టిన సొమ్మే.

ఇకపై గేర్‌బాక్స్ పరీక్ష పూర్తయిన తరువాతే అడ్వాన్సు తీసుకుంటాను, ఆ పరీక్ష నివేదిక కాపీ మీ చేతికి ఇస్తాను. ప్రస్తుతం ఒక కారు పరీక్షలో ఉంది, అది జాబితాలో మొదటి పేరు వారికి వెళ్తుంది. డీఎస్‌జీ తప్పనిసరి కాదనుకునే వారు 2020 తరువాతి ఒక లీటరు టీఎస్‌ఐ మాన్యువల్ కారు నడిపి చూడండి, దానికి ఇంతకాలం ఆగవలసిన పని ఉండదు. జాబితా నుంచి పేరు తీసేయమని అడగదలచిన వారు ఒక్క ఫోన్ చేస్తే చాలు, ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఆ సొమ్ము అదే రోజు తిరిగి పంపిస్తాను.