తొమ్మిదో పేజీ ఎవరి దగ్గరుందండీ?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను తెనాలి నుంచి విజయవాడకు రోజూ ప్యాసింజర్ బండిలో వెళ్లివస్తుంటాను. వన్ టౌన్‌లో ఓ బట్టల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాస్తాను. మీ పత్రికకు చందాదారును కాను, నిజం చెప్పాలంటే ఎప్పుడో గానీ కొనను కూడా. అయినా ఏళ్ల తరబడి మీ పాఠకురాలినే. ఎదురు సీట్లో ఎవరో ఒకరు కొంటారు కదా! ఆ చనువుతోనే, మీ పేజీల అమరిక మీద ఓ ఫిర్యాదుతో ఈ ఉత్తరం.

మా రైలు పెట్టెలో పేపరు ఒక్కరి సొత్తు కాదు. కొన్నాయన మడత విప్పీ విప్పకముందే "బాబాయ్, ఆ మధ్య షీటు ఇటివ్వు" అని ఒకరు చెయ్యి చాస్తారు. జిల్లా ఎడిషన్ ఇంకొకరు లాక్కుంటారు. దుగ్గిరాలలో దిగిపోయే పసుపు యార్డు మనిషికి ముందు వంతు. ఆయనకు ధరల పేజీ తప్ప ఇంకేదీ అక్కర్లేదు, చూసి ఇచ్చేస్తాడు. పెదవడ్లపూడి దాటేసరికి తలో ముక్క. బండి కృష్ణా కెనాల్ వదిలి వంతెన ఎక్కుతుంటే షీట్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి వస్తాయి. అప్పటికి వరస తప్పి ఉంటాయి, గళ్ల నుడికట్టు ఎవరో సగం పూరించేసి ఉంటారు. డబ్బులు పెట్టి కొన్నాయన పల్లెత్తు మాట అనడు.

పక్కవాళ్లు ఏం చదువుతున్నారో చూడటం నాకు మొదటి నుంచీ అలవాటు. మర్యాద కాదంటారేమో. ఫోన్‌లోకి తొంగిచూస్తే మొహం మాడ్చుకుని స్క్రీన్ పక్కకు తిప్పేసుకుంటారు, అదీ న్యాయమే. పేపర్లోకి తొంగిచూస్తే మాత్రం మనకు కనబడేలా కాస్త జరిపి పట్టుకుంటారు. పుస్తకం సంగతి ఈ రెండింటికీ మధ్య. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం జరిగే రోజుల్లో సాయంత్రం బండి ఎక్కితే ఒళ్లో కొత్త పుస్తకాల సంచులు కనిపిస్తాయి. ఏం కొన్నారో అడిగితే తీసి చేతికిస్తారు, ఎంతకు కొన్నారో కూడా చెబుతారు. కిటికీ పక్కన విష్ణు సహస్రనామం చదువుకునే పెద్దావిడ ఉంటుంది, ఆవిడను మాత్రం ఎవరూ పలకరించరు.

2025లో 16,347 టీచరు పోస్టులకు మెగా డీఎస్సీ పడినప్పుడు మా పెట్టె కోచింగ్ సెంటర్‌లా తయారైంది. నా పక్కన ఒకమ్మాయి బిట్ల పుస్తకం తెరిచి, అడుగున ఉన్న జవాబులను అరచేత్తో మూసి, పెదాలు కదుపుతూ ఒక్కో ప్రశ్నే చదువుకుంటోంది. ఒక బిట్టు దగ్గర ఆగిపోయింది. ఆమె వెనక నిలబడ్డ పంచెకట్టు పెద్దాయన ఉండబట్టలేక "కూర్చి, గురించి... ద్వితీయమ్మా" అన్నాడు. ఆ పిల్ల చెయ్యి తీసి చూసుకుని "అవును తాతగారూ" అని జరిగి కూర్చోబెట్టుకుంది. దిగేదాకా ఆయన ఆమెకు విభక్తులు చెబుతూనే ఉన్నాడు. మనవాళ్లు చదవడం మానేశారని మీ పేజీల్లో ఎవరైనా వ్యాసం రాస్తే ఇందుకే నాకు ఒళ్లుమండుతుంది. ఆ వ్యాసం కూడా నేను పక్కవాళ్ల పేపర్లోనే చదివాననుకోండి.

ఇక అసలు విషయం. నా ఫిర్యాదు మీ "మిగతా 9లో" గురించి.

ఎదురుగా ఉన్నాయన లోపలి పేజీలు తెరిచి చదువుతుంటే నాకు కనబడేవి మొదటి పేజీ, చివరి పేజీ. హత్య కేసో, కాలవ నీళ్ల గొడవో మాంచి పట్టులో ఉండగా కింద "మిగతా 9లో" అని ఉంటుంది. ఆ తొమ్మిది ఎక్కడో తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాడి చేతిలో ఉంటుంది. "తొమ్మిదో పేజీ ఎవరి దగ్గరుందండీ?" అని నలుగురిలో అరవాలి. చందమామ పెట్టిన చక్రపాణి గారిది మా ఊరే, సశేషం అంటే వచ్చే నెల దాకా ఆగడం మాకు చేతకాని పనేం కాదు. కానీ విజయవాడలో దిగాక ఎవరి దారి వారిదైపోతుంది, ఆ తొమ్మిదో పేజీ మళ్లీ దొరకదు.

కథనాలు చిన్నవి చెయ్యమని నేను అడగను. 12 పేజీల పేపర్లో 1, 2, 11, 12 ఒకే షీటు మీద వస్తాయి. మొదటి పేజీ వార్తను రెండులోనో పదకొండులోనో కొనసాగించండి, చివరి పేజీ వార్తను కూడా అంతే. అప్పుడు ఎదుటాయన్ని "ఒక్కసారి తిప్పుతారా" అంటే సరిపోతుంది, పెట్టెంతా వెతుక్కోనక్కర్లేదు. ప్రకటనల కోసం పైన ఇంకో ఫుల్ పేజీ తొడిగిన రోజు కూడా నంబర్లు ఇలాగే కుదిరేలా చూడండి. ఆ రోజు ఏది మొదటి పేజీయో కొన్నాయనకే తెలియడం లేదు. మీ డెస్కులో పేజీలు పెట్టేవాళ్లకు ఇది పెద్ద పనేం కాదనుకుంటాను. కాదు, కష్టమే అంటే ఎందుకో రెండు ముక్కలు వెయ్యండి. చదువుకుంటాం, అది మాత్రం మొదటి పేజీలోనే వెయ్యండి.

రాశిఫలాలు ఎక్కడ వేసినా ఫర్వాలేదు. వాటి కోసం చూసేవాళ్లు ఎవరి చేతిలో ఉన్నా లాక్కుంటారు.

ఇట్లు,
ఒక సీజన్ టికెట్ ప్రయాణికురాలు,
తెనాలి