ఊళ్ళు మారిన తల్లిని అంత తేలిగ్గా తీసిపారేయకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో తల్లీకూతుళ్ళ సినిమాల మీద వచ్చిన వ్యాసం చదివాను. అందులో ‘ఎనీవేర్ బట్ హియర్’ అనే ఇంగ్లీషు సినిమా గురించి రాసిన నాలుగు పేరాల కోసమే ఈ ఉత్తరం. మిగతా సినిమాల సంగతి నాకు తెలియదు, తెలిసినవాళ్ళు రాస్తారు.

వ్యాసకర్త ఆ తల్లిని ‘చపలచిత్తురాలు’ అన్నారు. అక్కడితో ఆగినా ఊరుకునేదాన్ని. ‘ఇటువంటి తల్లి మన తెలుగు నేల మీద కనిపించదు’ అని ఇంకో వాక్యం కలిపారు. కనిపించకేం? 1980లో నరసాపురంలో మా నాన్న ఇల్లు వదిలి, ఆరేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని భీమవరం, తణుకు, రాజమండ్రి, సామర్లకోట, అనకాపల్లి, ఇన్ని ఊళ్ళలో కుట్టుమిషను తొక్కిన మనిషి ఒకావిడ ఉంది. ఆవిడ మా అమ్మ.

సినిమా చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1999లో వచ్చింది. దర్శకుడు వేన్ వాంగ్. తల్లిగా సుసాన్ సరండన్, పధ్నాలుగేళ్ళ కూతురిగా నటాలీ పోర్ట్‌మన్ వేశారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్ళో రెండో భర్తనూ అయినవాళ్ళనూ వదిలేసి, ఒక మెర్సిడెస్ కారులో కూతురిని ఎక్కించుకుని ఆ తల్లి లాస్ ఏంజిలిస్ పక్కన డబ్బున్నవాళ్ళుండే బెవర్లీ హిల్స్‌కు బయలుదేరుతుంది. కూతురు సినిమా తార కావాలని ఆమె కోరిక. కూతురికి ఆ కోరిక లేదు, ఊరు వదలడం అసలే ఇష్టం లేదు. చేరాక అద్దె ఇళ్ళు మారడం, కట్టని బిల్లులు, ఒక రోజు కరెంటు పోవడం. కారు మాత్రం మెర్సిడెసే. మీ వ్యాసకర్తకు ఇక్కడే ఒళ్ళు మండినట్టుంది. నాకు మాత్రం నవ్వొచ్చింది. మేము సామర్లకోటలో పెంకుటింటి పంచలో ఉన్న రోజుల్లో కూడా నా లంగాలకు అంచులు జరీవే ఉండేవి. పెళ్ళిళ్ళ జాకెట్లలో మిగిలిన ముక్కలు దాచి కుట్టేది అమ్మ.

ఈ సినిమాకు ఆధారం మోనా సింప్సన్ 1986లో అచ్చువేసిన నవల. వ్యాసంలో ఆ ఊసే లేదు. ఆవిడ విస్కాన్సిన్‌లోని గ్రీన్ బేలో పుట్టి, ఈడొచ్చే వయసులో తల్లితో లాస్ ఏంజిలిస్ చేరారు. నవలను జీవితచరిత్రగా చదవకూడదని నాకూ తెలుసు. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. ఆపిల్ కంప్యూటర్ల స్టీవ్ జాబ్స్ ఆవిడకు తోడబుట్టిన అన్న. ఆ అన్న పుట్టేనాటికి తల్లికి పెళ్ళి కాలేదు, పుట్టింటివాళ్ళు ఆ సంబంధానికి ఒప్పుకోలేదు, బిడ్డను దత్తత ఇచ్చేయాల్సి వచ్చింది. అన్నాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకున్నది పెద్దయ్యాకే. ఒక బిడ్డను చేజార్చుకున్న తల్లి రెండో బిడ్డను పట్టుకుని దేశంలో సగం దాటింది. దీనికి ‘చపలచిత్తం’ అనే మాట సరిపోతుందేమో వ్యాసకర్తే చెప్పాలి.

మా ప్రయాణాలన్నీ పాసింజరు బండిలోనే. మిషను తల విప్పి పాత దుప్పటిలో చుట్టి అమ్మ ఒళ్ళో పెట్టుకునేది, ఇనుప స్టాండు లగేజీ పెట్టెలో వచ్చేది. నా పని బడివాళ్ళిచ్చిన టీసీ ఉన్న ప్లాస్టిక్ సంచి జాగ్రత్తగా పట్టుకోవడం. భీమవరం ఎందుకు వదిలామంటే, ఇల్లుగలావిడ మగవాళ్ళ చొక్కాలు కుట్టడానికి వీల్లేదన్నది. కొలతలకు మగవాళ్ళు గడప తొక్కకూడదట. సగం రాబడి పోయింది. తణుకులో ఇంటాయన తమ్ముడు కరెంటు మీటరు చూసే వంకతో రోజూ చీకటి పడ్డాక రావడం మొదలుపెట్టాడు. నెల తిరగకుండా సామాను కట్టేశాం. ఈ రెండింటికీ అమ్మ నాకు చెప్పిన కారణం ఒక్కటే: ‘ఈ ఊరు మనకు అచ్చిరాలేదు.’ అసలు సంగతులు నాకు తెలిసేసరికి నాకే పెళ్ళయింది.

అయితే రాజమండ్రి వదలడానికి ఏ కారణమూ లేదు. మూడేళ్ళున్నాం. చేతి నిండా పని. ఇల్లుగలవాళ్ళు మంచివాళ్ళు, వాళ్ళ అమ్మాయీ నేనూ ఒకే బెంచీ. ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి మిషను తల దుప్పటిలో ఉంది. నేను రెండు రోజులు అన్నం మానేశాను. సామర్లకోట కూడా అంతే, ఏడాది తిరిగేసరికి ‘అనకాపల్లి అయితే సముద్రం దగ్గర, నీకు గొంతు బాగుపడుతుంది’ అన్నది. అనకాపల్లిలో సముద్రం లేదు, బెల్లం మార్కెట్టు ఉంది. ఇక గొంతు సంగతి. అమ్మకు నన్ను దూరదర్శన్‌లో తెలుగు వార్తలు చదివించాలని ఉండేది. రోజూ సాయంత్రం అద్దం ముందు నిలబెట్టి దినపత్రిక గట్టిగా చదివించేది, ముఖ్యంగా సంపాదకీయం. ఆ రోజుల్లో మీ పత్రికే మా ఇంటికి వచ్చేది. మీ ముందటి సంపాదకుల వాక్యాలు ఎంత పొడుగుగా ఉండేవో ఊపిరి పట్టి చదివిన నాకు తెలుసు. నేను లెక్కల టీచరునయ్యాను.

కాబట్టి మా అమ్మ కాలు నిలవని మనిషి కాదని నేను అనడం లేదు. నాలుగు సార్లు మారితే రెండు సార్లు తరిమినవాళ్ళున్నారు, రెండు సార్లు తనే. బయటివాళ్ళకు మాత్రం నాలుగూ ఒక్కలాగే కనిపించాయి. మా స్కూల్లో ఒక సారు బదిలీల మీద పద్దెనిమిదేళ్ళలో ఏడు ఊళ్ళు తిరిగారు. ఆయన పిల్లలూ ఏడు బడులు మారారు. ఆయనను ఎవరైనా ఏమైనా అన్నారా?

బడిలో చేర్చడం ఇంకో తంతు. ఒక హెడ్మాస్టరు గారు తండ్రి సంతకం లేనిదే దరఖాస్తు తీసుకోనన్నారు. అమ్మ ఎడమ చేత్తో నాన్న పేరు రాసి ఇచ్చింది. తప్పే. 1956 నాటి హిందూ సంరక్షకత్వ చట్టం మైనరు పిల్లలకు తండ్రిని, ‘ఆయన తరువాత’ తల్లిని సహజ సంరక్షకులు అన్నది. ‘తరువాత’ అంటే తండ్రి పోయాకే కానక్కరలేదని, ఆయన పట్టించుకోకపోయినా తల్లే సంరక్షకురాలని సుప్రీంకోర్టు తేల్చింది 1999 ఫిబ్రవరిలో. ఈ సినిమా వచ్చిన ఏడాదే. అప్పటికి నాకు పాతికేళ్ళు, సంతకాలు నేనే పెట్టుకుంటున్నాను.

సినిమాలో కూతురు ఎక్కడో ఉన్న తండ్రికి ఫోన్ చేస్తుంది. నేనూ చేశాను. అనకాపల్లిలో, పదో తరగతిలో, రాత్రి రేటు తగ్గే దాకా ఎస్‌టీడీ బూత్ బయట నిలబడి. నాన్న ‘ఎవరూ?’ అన్నాడు. పేరు చెప్పాను. ‘ఏ ఊరి నుంచి?’ అన్నాడు. ఎర్ర అంకెలు గిర్రున తిరుగుతుంటే ఫోన్ పెట్టేశాను.

నేను సినిమాను ఆపేసి లేచిపోయిన చోటు మాత్రం వేరు. కూతురు ఒక ఆడిషన్‌లో తన తల్లినే అనుకరించి చూపిస్తుంది, తల్లి చాటు నుంచి అది చూస్తుంది. డిగ్రీ హాస్టల్లో నేను మా అమ్మ అద్దె బేరమాడే తీరు, చీర కుచ్చెళ్ళు దోపుకుంటూ ‘నీళ్ళు బావివా, కుళాయివా?’ అని అడిగే తీరు చేసి చూపించేదాన్ని. గది గదంతా పొట్టలు పట్టుకుని నవ్వేది. అమ్మ చూడలేదు. చూసి ఉంటే అనే ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

సినిమాలో నాకు నచ్చనిది ఒకటుంది. చివరికి తల్లి ఆ కారు అమ్మి కూతురి కాలేజీ చదువుకు డబ్బు సర్దుతుంది. ప్రేక్షకులు ఆమెను క్షమించడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా అన్నట్టుంది. నవలలో ఇంత మెత్తదనం లేదు. మొదట్లోనే తల్లి కూతురిని నడిరోడ్డు మీద దించేసి కారు పోనిస్తుంది, తిరిగి వస్తుందనుకోండి. కథ చాలా మటుకు కూతురు చెబుతుంది, అమ్మమ్మా పెద్దమ్మా కూడా చెబుతారు. తల్లికి మాట్లాడే వంతు చిట్టచివర గాని రాదు. మా అమ్మ మిషను అమ్మలేదు. నేను హాస్టల్లో చేరిన మొదటి దసరాకు ఇంటికి బయలుదేరబోతుంటే కార్డు వచ్చింది: ‘తునికి మారాను. స్టేషనులో దిగి పడమటి వైపు రా.’ అంతే. చదివి ఏడ్చాను, తిట్టుకున్నాను, తుని టికెట్టు కొనుక్కున్నాను.

అమ్మకు ఇప్పుడు డెబ్బై మూడు. ఏలూరులో మా దగ్గరే ఉంటోంది. చూపు తగ్గింది కాబట్టి పత్రిక నేనే గట్టిగా చదివి వినిపిస్తాను. మీ వ్యాసమూ చదివాను, ‘చపలచిత్తురాలు’ దగ్గర గొంతు తగ్గించి దాటేద్దామనుకున్నాను గాని ఆవిడ చెవులు బాగానే ఉన్నాయి. మళ్ళీ చదవమంది. చదివాను. కాసేపు ఊరుకుని అడిగింది:

‘ఆ బెవర్లీ హిల్స్‌లో అద్దెలు ఎలా ఉంటాయంటావు?’

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఏలూరు.